హిజ్ అంటే ఎవరిది?
(నాంపల్లిలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదారుల సభలో డి.ఏ. బకాయిల గురించి చెప్పక ఇంగ్లీషు గ్రామరేమిటని మీరనుకోవచ్చు. మన అర్జీలు చాలామటుకు ఇంకా ఆ భాషలోనే కదా పోతున్నాయి!

నా తప్పే చెబుతాను. సర్వీసులో ఉండగా, చనిపోయిన ఒక ఉద్యోగి ప్రావిడెంట్ ఫండ్ ఫైలులో డ్రాఫ్టు పెట్టాను. ఆయన పెళ్ళికి ముందు తమ్ముడి పేర నామినేషను ఇచ్చి, తరువాత రద్దు చేసుకున్నారు. తమ్ముడూ ఉద్యోగే. నేను రాసింది: "హి ఇన్ఫార్మ్‌డ్ హిజ్ బ్రదర్ దట్ హిజ్ నామినేషన్ వాజ్ క్యాన్సిల్డ్." ఆ రెండో హిజ్ ఎవరిది? అన్నదా, తమ్ముడిదా? ఫైలు అభ్యంతరంతో తిరిగొచ్చింది. వివరణ వెళ్ళి, కాగితాలు దొరికేసరికి నాలుగు నెలలు. ఆ ఇల్లాలు చంటిబిడ్డతో వచ్చి మా వరండా బల్లమీద కూర్చునేది. నా వాక్యం వల్లేనని ఆమెకు చెప్పలేకపోయాను.

తెలుగులో ఈ చిక్కు లేదు. "తన నామినేషను రద్దయిందని తమ్ముడికి చెప్పాడు" అంటే అన్నదే. "అతని" అంటే ఇంకొకరిది. ఇంగ్లీషుకు మన "తన" లేదు. కనుక అనుమానం వచ్చినచోట సర్వనామం మాని, పేరే మళ్ళీ రాయండి. వాక్యం మొరటుగా ఉన్నా ఫైలు కదులుతుంది.

ఇక ఐ, మి. శ్రీమతిగారిని కాసేపు పక్కన పెట్టండి, వాక్యంలో మాత్రమే సుమా! "మి యామ్ రిసైడింగ్" అని ఎవరూ రాయరు. కనుక "మై వైఫ్ అండ్ ఐ ఆర్ రిసైడింగ్." అలాగే "ఇన్ఫార్మ్ ఐ" అనరు గనుక "ప్లీజ్ ఇన్ఫార్మ్ మై వైఫ్ అండ్ మి." ఐ అంటే మర్యాద, మి అంటే మోటు అనే భ్రమ మన ఆఫీసుల్లో చాలామందికి ఉండేది. నాకూ ఉండేది.

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న రెన్ అండ్ మార్టిన్ గ్రామరు నా దగ్గర ఇంకా ఉంది. (ఆ రెన్ దొర బొంబాయి విద్యాశాఖలో పనిచేసినవాడే. 1924లో బ్యూ జెస్ట్ అనే నవల కూడా రాశాడు.) ఈచ్ తరువాత ఆడామగా ఇద్దరికీ కలిపి హిజ్ రాయమని ఆ పుస్తకం నేర్పింది. మన సభ నోటీసులో "ఈచ్ పెన్షనర్ షుడ్ బ్రింగ్ దెయిర్ బుక్" అని మనవరాలు టైపు చేస్తే, దెయిర్ కొట్టేసి హిజ్ అని దిద్దాను. "తాతయ్యా, అమ్మమ్మకూ పింఛను బుక్కుంది కదా?" అంది. ఒక్కరిని ఉద్దేశించి దే అనడం ఇంగ్లీషులో శతాబ్దాలుగా ఉందట. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువువారు 2019లో దానినే ఆ ఏటి మాటగా ప్రకటించారు కూడా.

రాత్రంతా ఒప్పుకోలేదు. తెల్లవారి ఆలోచిస్తే, అధ్యక్షులు ఒక్కరే అయినా మనం "వారు" అనే కదా అంటున్నాం!

మీకందిన నోటీసులో దెయిర్ అచ్చుతప్పు కాదండీ. నేను ఉంచినదే.