తొలి తుపాకి

(హోసూరులో మన సంఘపు సభయందు చేసిన ప్రసంగము)



మన సభలలో పాఠశాలలను గూర్చియు, పుస్తకములను గూర్చియు మాటలాడుట పరిపాటి. నేను తుపాకిని గూర్చి చెప్పబోవుచున్నానని విన్నప్పుడు కార్యదర్శిగారు కొంత సంకోచించిరి. కారణము చెప్పిన మీదట సమ్మతించిరి. ఆ కారణమును మీకును మొదటనే మనవి చేయుచున్నాను. అందులో నా తప్పును కలదు.

గడచిన సంక్రాంతి పండుగకు మా మనుమడు బెంగుళూరునుండి మా పల్లెకు వచ్చెను. వయస్సు 17. మా పల్లె కెలమంగలమునకును డెంకణికోటకును నడుమ నున్నది. వాడు అటుకమీద ఏదియో వెదకుచుండగా గోనెపట్టలో చుట్టియున్న తుపాకి యొకటి కంటబడెను. దానిని భుజముపై వేసికొని నిచ్చెన దిగివచ్చి, "తాతా, నాకు తుపాకి కాల్చుట నేర్చుకొనవలెనని యున్నది. దీనితో మొదలుపెట్టుదునా, క్రొత్తది కొనిపెట్టెదవా?" అని యడిగెను.

అది మా నాయనగారిది. గొట్టపు మూతినుండి మందు కూరి కాల్చు టోపీ తుపాకి. పంట కాపుదలకై వారు దానికి లైసెన్సు పొందియుండిరి. వారు 1991లో కాలధర్మము చెందిరి. జ్ఞాపకార్థమని దానిని నేను అటుకపై పెట్టితిని. లైసెన్సు మాటయే తలపెట్టనైతిని. కాల్చని తుపాకి యొక తుపాకియా యని నాకు నేనే సమాధానము చెప్పుకొనుచు వచ్చితిని.

మనుమని చేతినుండి దానిని తీసికొని, మందు దట్టించు ఇనుపకమ్మిని గొట్టములోనికి దింపి చూచితిని. గొట్టము ఎంత లోతో కమ్మి అంతవరకు దిగవలెను. నాలుగు వ్రేళ్ళ వెడల్పు ఉండగానే ఆగిపోయెను. అనగా మా నాయనగారు కడపటిసారి కూరిన మందును, సీసపు రవ్వలును ముప్పదియేండ్లకు పైగా అందులోనే యున్నవి. నల్లమందు తడి తగులనంతవరకు ఏండ్లు గడచినను చావదు. పైన టోపీ లేదు గనుక సరిపోయెను. నిచ్చెన దిగునప్పుడు ఆ గొట్టపు మూతి పిల్లవాని చెవి ప్రక్కనే యుండెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఠాణాకు కబురు చేసితిని. వారు వచ్చి తీసికొనిపోయిరి. కొన్ని ప్రశ్నలడిగిరి, కొంత మందలించిరి. రెండును న్యాయమే. రసీదు వ్రాయించుకొంటిని. లైసెన్సుదారు గతించినప్పుడు ఆ ఆయుధమును అనవసరమైన ఆలస్యము లేక దగ్గరి ఠాణాలోనైనను, లైసెన్సుగల వర్తకునియొద్దనైనను అప్పగింపవలెనని 1959 నాటి ఆయుధ చట్టపు 21వ సెక్షను చెప్పుచున్నది. వారసుడు తన పేర లైసెన్సు కోరదలచినచో పిదప కోరవచ్చును. ఊరక దాచియుంచినవానికి, 2019లో చేసిన సవరణ ప్రకారము, సాధారణముగా రెండేండ్లకు తక్కువగాక అయిదేండ్లవరకు శిక్ష. మన పల్లెలలో ఇటువంటి అటుకలు ఇంకను ఉండునని నాకు తెలియును. ఈ మాట చెప్పుటకే నేను ఈ వేదికయెక్కితిని. కమ్మి దింపి చూచుట తెలిసినవారు నేడు ఇంటికొకరైనను లేరు. కావున గొట్టమును మీవైపునకు గాని, మరియొకరివైపునకు గాని త్రిప్పక, మందు ఉన్నదనియే భావించి ఠాణావారిని పిలువుడు.

ఇక పిల్లవాని రెండవ ప్రశ్న మిగిలినది. క్రొత్తది కొనవలెనన్నచో ఏది?

తుపాకిని ఎన్నుకొనుటకు ముందు దేనిని కాల్చుదుమో నిశ్చయించుకొనవలెను. మా నాయనగారి కాలమున ఇందుకు సందేహము లేదు. రాగిచేను పండినది మొదలు మంచెమీద కాపలా. అడవిపందుల గుంపు వచ్చినచో వట్టి మందుతో ఒక చప్పుడు. ఎన్నడో ఒకనాడు రవ్వలు. బెంగుళూరు దొరలు పెద్ద రైఫిళ్ళతో వచ్చుట వేరు సంగతి. కెన్నెత్ ఆండర్సన్ తన 1954 నాటి పుస్తకమున జవళగిరి నరభక్షక వ్యాఘ్రమును గూర్చి వ్రాసి మన అడవులకు దేశాంతరములలో పేరు తెచ్చెను. ఆయన చేతిలోనిది .405 వించెస్టరు. ఆ కథలు చదివిన కుర్రవాండ్రకు తొలి తుపాకియే అట్టిది కావలెనని యుండును. నాకును ఉండెను.

ఆ కాలము గడచినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటకు కళ్ళెము వేసెను. 1991 సవరణ మిగిలిన అనుమతులను గూడ దాదాపుగా తీసివేసెను. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యమును, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యమును ఏర్పడినవి. బన్నేరుఘట్టనుండి తళి, జవళగిరి మీదుగా శానమావువరకు వచ్చు ఏనుగులకు ఇది పూర్వపు దారియే. పంట పాడయిన రైతు దుఃఖమును నేను తేలికగా చూచువాడను కాను, నేనును రైతునే. అడవిపందుల విషయమై తమిళనాడు ప్రభుత్వము 2025లో ఒక ఏర్పాటు చేసినది. రక్షితారణ్యపు హద్దునుండి మూడు కిలోమీటర్లకు ఆవల వానిని కాల్చవచ్చును. కాని కాల్చవలసినవారు అటవీశాఖవారు, రైతు కాదు. కావున క్రొత్తగా తుపాకి పట్టువాడు "వేటకు ఏది మంచిది?" అని అడిగినచో, ఈ నేలపై అతడు కాల్చదగిన జంతువు ఒక్కటియు లేదనియే నా జవాబు. మిగిలినది కాగితము. అది తక్కువ లక్ష్యమని యనుకొనవలదు. పది మీటర్ల రైఫిలు పోటీలో పదింటి గుర్తు అర మిల్లీమీటరు బొట్టు. ఆవగింజలో సగము గూడ లేదు.

నేను నేర్చిన విధము చెప్పెదను. 1966లో నాకు 16 ఏండ్లు. మా మేనమామగారు తమ 12 బోరు జోడుగొట్టాల తుపాకిని నా చేతికిచ్చి చెట్టుకు కట్టిన డబ్బాను కొట్టుమనిరి. మీట నొక్కితిని. డబ్బాకు తగిలినదో లేదో నేను చూడలేదు, వెనుకకు పడియుంటిని. భుజము పది దినములు నల్లబడియుండెను. అందరును నవ్విరి, నేనును నవ్వితిని. కాని అసలు దెబ్బ భుజమునకు తగిలినది కాదు. మీట నొక్కుటకు ముందే కన్నులు మూసికొని, భుజమును వెనుకకు లాగుకొను జంకు నాలో స్థిరపడెను. దానిని పోగొట్టుకొనుటకు ఎన్నో యేండ్లు పట్టెను. పెద్ద తుపాకి పిల్లవానికి మొదట నేర్పునది భయమే.

బోరు అను మాటను గూర్చి మనవారు తరచుగా పొరపడుచుందురు. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోసినచో, ఆ గుండు సరిగా పట్టు గొట్టము 12 బోరు. 20 గుండ్లుగా పోసినచో 20 బోరు. కావున అంకె పెరిగినకొలది గొట్టము సన్నమగును. రైఫిళ్ళ కొలత అట్లు కాదు, అది అంగుళములో భాగము. .22 అనగా చాల చిన్నది, పిల్లలకు తగునని కొందరందురు. ఆ చిన్న గుండే మైలుకు మించి పోగలదు. హోసూరు చుట్టును ఇపుడు మైలు దూరము మనుష్యులు లేని చోటు ఎక్కడ కలదు? అదియునుగాక ఇవన్నియు లైసెన్సుకు లోబడినవి. దరఖాస్తు కృష్ణగిరి కలెక్టరు కార్యాలయమునకు పోవలెను, భద్రతా శిక్షణ పొందిన పత్రము చూపవలెను, 21 ఏండ్లు నిండవలెను. నియమములకు లోబడి ఒకరి పర్యవేక్షణలో అభ్యాసము చేయుట మాత్రము వేరు.

అందుచేత నేను మనుమనికి చెప్పినది గాలి తుపాకి. అంగడివారు ఎయిర్ రైఫిలు అందురు. 2016 ఆయుధ నియమముల ప్రకారము గొట్టము .177 అంగుళమునకు, అనగా 4.5 మిల్లీమీటర్లకు మించక, గుండు శక్తి 20 జౌళ్ళకు మించక యున్నచో దానికి లైసెన్సు అక్కరలేదు. రెండింటిలో ఏది మించినను కావలెను. పాతది, .22 కొలతది చవుకగా వచ్చుచున్నదని యెవరైన చెప్పినచో ఈ సంగతి గుర్తుంచుకొనుడు. బిల్లు లేనిదానిని ముట్టవలదు. ఇంట పిల్లలకైనచో పెద్దలే తమ పేర కొని, తమ కన్నులయెదుటనే కాల్పింపవలెను.

అంగడిలో మావాడు మొట్టమొదట చేయి చాచినది అన్నిటికంటె నల్లనిది, బరువైనది, పైన దుర్భిణి బిగించినది. నేను వారించితిని. తుపాకి మడమను మోచేతి వంపులో ఆనించినపుడు చూపుడువ్రేలి మొదటి కణుపు మీటకు అందవలెను. ఇది మోటు కొలతయే గాని చాలవరకు సరిపోవును. పిమ్మట కన్నులు మూసికొని తుపాకిని భుజమున కెత్తి, తెరచి చూడవలెను. గురి చూచు రెండు గుర్తులును ఒక వరుసలో కనబడినచో అది నీ తుపాకి. మెడ వంచి వెదకవలసివచ్చినచో అది మరియొకనిది. బరువు విషయమున, రెండు నిమిషములు ఎత్తిపట్టి నిలువుమంటిని. నల్లని తుపాకితో నిమిషము గడవకముందే మూతి వణకసాగెను. వాడే దానిని క్రింద పెట్టెను.

కన్నును గూడ పరీక్షింపవలెను. రెండు అరచేతులతో చిన్న సందు చేసి, రెండు కన్నులతోను దూరమందలి వస్తువొకటి అందుండి చూచి, ఒక్కొక్క కన్నే మూయుడు. ఏ కన్ను తెరచియున్నపుడు వస్తువు సందులోనే నిలుచునో అది బలమైన కన్ను. మావాడు కుడిచేతివాటమువాడు, కన్ను మాత్రము ఎడమది. అది ముందుగా తెలియనిచో వాడు తన చేతిని నిందించుకొనుచు సంవత్సరము గడపియుండెడివాడు. ఇపుడు ఎడమ భుజమున పెట్టి కాల్చుచున్నాడు.

మేము కొన్నది గొట్టమును మడిచి స్ప్రింగును బిగించు సాదా రకము. దుర్భిణి లేదు. స్ప్రింగు తుపాకిని గట్టిగా బిగించి పట్టరాదు, పిట్టను పట్టినట్లు పట్టవలెను. గుండు బయటపడుటకు ముందే స్ప్రింగు లోన కదలును, బిగించినచో ఆ కదలిక గురిని చెరచును. డమరుకమువలె నడుము సన్ననైన సీసపు గుండ్లు వాడుదురు. సీసమును ముట్టిన చేతులు కడుగక అన్నము ముట్టరాదు. పశువుల కొట్టము ప్రక్కన మట్టిగోడకు పాతగుడ్డలు కూరిన పెట్టెను ఆనించితిమి. రాతిగోడ పనికిరాదు, గుండు తిరిగి వచ్చును. కన్నులకు అద్దములు తప్పవు. లైసెన్సు లేదు గదా యని చిలుకనో, కొంగనో, కుందేలునో కొట్టినచో అదియు వేటయే, చట్టము తుపాకి చిన్నదా పెద్దదా యని చూడదు. మొదటి దినముననే ఈ మాట వానితో చెప్పించుకొంటిని.

"ఇది ఆటబొమ్మ గదా" అని వాడు కొంత చిన్నబోయెను. అపుడు హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ సంగతి చెప్పితిని. 2018లో, 13 ఏండ్ల వయస్సున, పెద్దల జాతీయ పోటీలో గాలి పిస్తోలుతోనే స్వర్ణము గెలిచినది. 2023లో హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో జట్టు స్వర్ణమును, ఒంటరి పోటీలో రజతమును తెచ్చినది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యము పొందినదియు పది మీటర్ల గాలి రైఫిలుతోనే. బెంగుళూరులో శిక్షణ రేంజీలు కలవు. అచ్చట మొదట అద్దె తుపాకితో కాల్చి చూచి, పిమ్మట కొనుట ఇంకను మేలు. మేమా క్రమమును తప్పితిమి.

తుపాకి అను మాట తుర్కీనుండి వచ్చినదని నిఘంటువులు చెప్పును. మన ప్రక్క కన్నడమువారు కోవి యందురు, తమిళులు తుప్పాక్కి యందురు. మూడు భాషల నడుమ బ్రతుకు మన ఇండ్లలో లైసెన్సు షరతులు మాత్రము ఇంగ్లీషున నుండి అటుకమీద మూలుగుచున్నవి. వానిని చదివి చెప్పు యువకులు నలుగురు ఆదివారములందు సంఘ కార్యాలయమున కూర్చుందురేని, నాబోటివారు ముప్పదియేండ్లు ఆగనక్కరలేదు. కార్యదర్శిగారికి ఇది నా మనవి.

మావాడు సెలవులకు మరల వచ్చెను. పాత పెండ్లిపిలుపుల వెనుకవైపు వలయములు గీచి పెట్టెకు అంటించుచున్నాడు. పది మీటర్లనుండి పది గుండ్లలో నాలుగు లోపలి వలయమున పడుచున్నవి. దుర్భిణి కావలెనని ఇప్పటికిని అడుగుచునే యున్నాడు. ఏడు పడువరకు కొనిపెట్టనని చెప్పితిని. వాని చెల్లెలికి, అడుగకయే, మొన్న అయిదు పడినవి.