మంచుదేశమున పెరటితోట

తోట యనగానే మన తలపునకు మొదట వచ్చునది నీరు. వైశాఖపు ఎండలో మల్లెపాదు వాడిపోకుండ నిలుపుకొనుటయే మన పెరటితోటలకు పెద్ద పరీక్ష. అమెరికా ఉత్తరపుటంచున, కెనడాను ఆనుకొనియున్న మిన్నెసోటా రాష్ట్రమున పరీక్ష వేరు. అచ్చట శీతకాలమున నేల కొన్ని అడుగుల లోతువరకు గడ్డకట్టి రాయివలె నుండును. ఆ రాష్ట్రపు ఉత్తరభాగమున, టవర్ అను చిన్న ఊరి చెంత, 1996 ఫిబ్రవరి 2వ తేదీన ఉష్ణోగ్రత సున్నకు దిగువ 51 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పడిపోయినది. అయినను ఆ రాష్ట్రపు ఊళ్ళలో ఇండ్లముంగిట పచ్చికయు, వీధులప్రక్క మేపుల్ వృక్షములును, పెరళ్ళలో ఆపిల్ చెట్లును కానవచ్చుచునే యున్నవి. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది?

మొదటి మాట, చెట్టును ఎంచుకొనుట. 1853లో పీటర్ గిడియన్ అను నాతడు మిన్నెటోంకా సరస్సు తీరమున స్థిరపడి ఆపిల్ చెట్లు పెంచ మొదలిడెను. ఏండ్ల తరబడి నాటిన చెట్లు దాదాపు అన్నియు చలికి బలియైపోయెను. కడకు, చలికోటు కొనుక్కొనవలసిన సొమ్ముతో మెయిన్ రాష్ట్రమునుండి విత్తనములు తెప్పించుకొనెనని చెప్పుదురు. ఆ విత్తులనుండి మొలచిన యొక చెట్టు బ్రతికి కాయలు కాచెను. దానికాతడు తన భార్యపేర ‘వెల్తీ’ యని నామకరణము చేసెను. తరువాతి కాలమున మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు ఈ పనిని చేపట్టిరి. వారు 1960లో సంకరము చేసిన యొక ఆపిల్ ‘హనీక్రిస్ప్’ అను పేర 1991లో తోటలకు వచ్చినది. చలికి ఓర్చు చెట్టొకటి చేతికందుటకు 31 సంవత్సరములు పట్టినదన్నమాట.

ఏ చెట్టు ఎచ్చట నిలుచునో తెలుపుటకు అమెరికా వ్యవసాయశాఖ 1960లో ఒక పటమును ప్రకటించెను. ఏటేట సంభవించు అత్యల్ప ఉష్ణోగ్రతల సగటునుబట్టి దేశమును మండలములుగ విభజించిన పటమది. 2023లో సవరించి వెలువరించిన పటమున 13 మండలములున్నవి. అచ్చటి గృహస్థు మొక్క కొనునపుడు పూవు రంగు కంటె ముందు మండలపు సంఖ్యను చూచుకొనవలెను.

తగిన చెట్టునే నాటినను అది చచ్చుట కలదు. ఇచ్చటనే మనము గ్రహింపవలసిన విషయమున్నది. ఓర్పుగల చెట్టును చంపునది తరచుగ చలి కాదు. దాహము, చలియందలి హెచ్చుతగ్గులు.

పగటికాలము కురుచయగుట చూచి చెట్టు తనంతట తాను చలికి సిద్ధపడును. ఆకులు రాల్చును. కణములలో చక్కెరలు పెరుగును. కణములలోని నీరు కొంత వెలుపలకు జారి, కణముల నడుమ గడ్డకట్టును. లోపల ప్రాణము నిలుచును. కావున ఈ సిద్ధత జరుగుచుండగ, వేసవి కడపట నత్రజని యెరువు వేయుటయు, కొమ్మలు కత్తిరించుటయు తగదు. అట్లు చేసినచో లేతచిగుళ్ళు వచ్చి మొదటి చలికే మాడిపోవును.

ఇక దాహము. పైన్, స్ప్రూస్ వంటి నిత్యహరిత వృక్షములు చలికాలమందును ఆకులు రాల్చవు. ఎండయు, పొడిగాలియు ఆ ఆకులనుండి నీటిని లాగుచునే యుండును. నేల గడ్డకట్టుటచే వేళ్ళు నీరందింపజాలవు. చుట్టును తెల్లని మంచున్నను చెట్టు దప్పికతో ఎండిపోయి, వసంతము వచ్చుసరికి గోధుమవన్నె తిరుగును. అందుచే నేల గడ్డకట్టువరకు అట్టి చెట్లకు పుష్కలముగ నీరు పోయుదురు. గాలి వీచు దిక్కున కఱ్ఱలు పాతి గోనెపట్టా కట్టుదురు.

హెచ్చుతగ్గుల మాట యిటువంటిదే. ఫిబ్రవరి మధ్యాహ్నపుటెండ లేతమేపుల్ మ్రాను నైరృతి దిక్కున తగిలి బెరడును వెచ్చబరచును. వెచ్చదనమునకు కణములు మేల్కొనును. ప్రొద్దుగ్రుంకగానే చలి ఒక్కుమ్మడి దిగి ఆ కణములను చంపును, బెరడు పగులును. ఏండ్లకొలది పెంచిన చెట్టునకు ఒక్క సాయంకాలమున మానని గాయమగును. దీనికి మందు చవుక. శరత్కాలమున మ్రానునకు తెల్లని పట్టీ చుట్టి, వసంతమున విప్పవలెను. తెలుపు ఎండను త్రిప్పికొట్టును. దానితోపాటు మొదలుచుట్టును తీగవల కట్టినచో మంచుక్రింద తిరుగు ఎలుకలును, పైన తిరుగు కుందేళ్ళును బెరడు కొఱుకజాలవు. చుట్టును వలయముగ బెరడు పోయిన చెట్టు బ్రతుకదు.

మంచును శత్రువని తలచుట పొరపాటు. క్రొత్తగ కురిసిన మంచులో గాలి నిండియుండును, అది దూదిబొంతవంటిది. దట్టమైన మంచుక్రింద నేల, పైగాలి యెంత చల్లబడినను, అంతగా చల్లబడదు. కావున మంచు కురియని చలికాలమే వేళ్ళకు ఎక్కువ ప్రమాదము. అట్టి యేడు స్ట్రాబెర్రీ మళ్ళకును, పూలమొక్కలకును ఎండుగడ్డి కప్పుటయే రక్ష. ఈ కప్పు మొక్కను వెచ్చగ నుంచుటకని చాలమంది యనుకొందురు. నిజమునకు అది నేలను ఒకే తీరున చల్లగ నుంచుటకు. నేల కరగుచు, మరల గడ్డకట్టుచు నున్నచో మొక్కలను వేళ్ళతో పైకి నెట్టివేయును. కావున నేల కొంచెము గట్టిపడిన పిమ్మటనే గడ్డి కప్పవలెను. వసంతమున మెల్లమెల్లగ తీయవలెను.

పచ్చికకు ముఖ్యమైన యెరువు సెప్టెంబరులో వేయుదురు. రాలిన ఆకులు దానిపై మందముగ పేరుకొననీయరు. పేరుకొన్నచో మంచుక్రింద బూజు పట్టును. మరియొక చిక్కు ఉప్పు. మిన్నియాపొలిస్ నగరమున, మంచు కురియుట ఆగిన 24 గంటలలో ఇంటిముందరి కాలిబాటను గృహస్థే శుభ్రపరుపవలెనని నిబంధన యున్నది. జారకుండుటకు ఉప్పు చల్లినచో, మంచుకరగిన నీటితో అది నేలలో దిగి వేళ్ళను పాడుచేయును. ఇసుక చల్లుట మేలు. ఉప్పు కలసిన మంచును చెట్లమొదట కుప్పవేయరాదు.

ఆ ప్రాంతమున కాపురమున్న మన తెలుగువారికి ఈ మాట ముఖ్యము. కరివేపాకు అచ్చటి నేలలో చలికాలము దాటి బ్రతుకదు. తొట్టిలో పెంచి, సెప్టెంబరులో రాత్రులు చల్లబడగానే ఇంటిలోనికి తెచ్చి, ఎండతగులు కిటికీ చెంత నుంచవలెను. మే మాసము కడపట మరల బయట పెట్టవచ్చును. అయితే ఒక్కసారిగ గాక, దినమునకు కొంతసేపు చొప్పున అలవాటు చేయవలెను. దానికిని హెచ్చుతగ్గులే పగ.

మంచుదేశపు తోటమాలి చలిని ఆపజాలడు. చెట్టును ఎంచుట, నీరు పోయుట, పట్టీ చుట్టుట, గడ్డి కప్పుట – ఇవన్నియు మంచు రాకముందే ముగియవలసిన పనులు. నేల రాయియైన పిదప చేయదగినది స్వల్పము. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిన మాట ఆ పెరళ్ళకు అక్షరాల వర్తించును.