ఆట కట్టేవారు, ఆడేవారు

(సంఘం ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)



ఈ పండుగనాడు వేదిక ఎక్కినవారు సాధారణంగా మన పూర్వులు ఎక్కడెక్కడి నుంచి వచ్చి, ఈ నల్లరేగడి నేలను ఎట్లా సాగు చేసినారో చెప్పుతారు. నేను ఈ వేళ ఆటలను గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాను. ఇది పండుగపూట కాలక్షేపానికి ఎత్తుకున్న విషయం కాదు. కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాల మన పిల్లలు చదువు ముగించి చెన్నపట్నం, బెంగుళూరు, హైదరాబాదు పోయి కంప్యూటరు పనులలో చేరుతున్నారు. వారిలో ఆటలు తయారుచేసే పనికి పోదలచినవారూ ఉంటారు. ఇంటిలో ఉన్న చిన్నపిల్లలేమో ఫోను చేతబట్టి అటువంటి ఆటలే ఆడుతున్నారు. కట్టేవాడూ మన బిడ్డే, ఆడేవాడూ మన బిడ్డే. వారిద్దరి నడుమ సంబంధం ఎట్లా ఉండాలనేది కనుక మన ఇంటి ప్రశ్నే.

కుమ్మరి కుండను ఆవము నుంచి తీసి చేతికిచ్చినాడంటే అతని పని తీరినట్టే. ఆట అట్లా కాదు. కట్టినవాడు సగం కడతాడు. తక్కిన సగం ఆడేవారు పూర్తి చేస్తారు. బాస్కెట్‌బాల్ చరిత్ర చూడండి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు పీచు పండ్ల బుట్టలు రెండు ఎత్తున కట్టించి, 13 నియమాలు వ్రాసి ఆ ఆటను పుట్టించినాడు. బంతి పట్టినవాడు అడుగు కదలరాదని అతని నియమం. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే నేర్పు ఆ 13 నియమాలలో లేదు. అది ఆటగాళ్ళు కనిపెట్టినది. తన నియమమే వేదమని పట్టుపట్టి ఉంటే ఈనాడు మనం చూసే ఆట ఉండేది కాదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సులో తన ఆటకు స్థానం దొరకడం ఆయన కండ్లారా చూసినాడు.

దూరాన ఉన్నవారు చేసిన మార్పు ఊరిలో ఆడేవాని బ్రతుకును ఎట్లా తాకుతుందో మన కోవిల్‌పట్టికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇది హాకీ ఊరు. 1975లో కౌలాలంపూరులో మన దేశం ప్రపంచ కప్పు గెలిచింది. మరుసటి ఏడు మాంట్రియల్ ఒలింపిక్సులో హాకీని మొదటిసారిగా కృత్రిమమైన పచ్చిక మీద ఆడించినారు. మన జట్టు ఏడవ స్థానానికి దిగిపోయింది. నేల ఒక్కటే కారణమని నేను అనను. కాని కట్టాంతరలో కర్ర తిప్పడం నేర్చిన పిల్లవానికి, ఎన్నడూ కాలు మోపని నేలమీద పరీక్ష పెట్టినట్టయింది. ఆ పచ్చిక పరచుకొనే స్థోమత గల దేశాలు ముందుకు పోయినాయి. చాలా ఏండ్లకు గాని మన ఊరికి అది రాలేదు. 2022 మేలో దేశపు జూనియర్ పురుషుల పోటీలు కోవిల్‌పట్టిలోనే జరిగినాయంటే, ఆ నడుమ ఓర్పుగా ఆట నిలబెట్టినవారు ఈ ఊరి ఆడేవారే. ఆటను మార్చేవారు పేద మైదానాన్ని కూడా తలచుకోవాలి.

ఇక ఈనాటి కంప్యూటరు ఆటల మాట. ఇంగ్లండులోని హలో గేమ్స్ అనే చిన్న సంస్థ 2016 ఆగస్టులో ‘నో మాన్స్ స్కై’ అనే ఆటను విడుదల చేసింది. ముందుగా ఆశపెట్టినవి కొన్ని ఆటలో లేవని కొన్నవారు మండిపడినారు. సంస్థ వాదులాడక పనికి పూనుకొన్నది. ఆ నవంబరులోనే ఉచితంగా మొదటి పెద్ద చేర్పును ఇచ్చి, తరువాత ఏండ్ల తరబడి ఇస్తూ వచ్చింది. పోయిన మంచిపేరు మెల్లగా తిరిగి వచ్చింది. అయినా ఒక మాట: చెయ్యలేనిదాన్ని మొదటే చెప్పకుండా ఉంటే అంత కష్టం ఉండేది కాదు.

రెండవది జపానులోని స్క్వేర్ ఎనిక్స్ సంస్థ కథ. వారి ‘ఫైనల్ ఫాంటసీ 14’ 2010లో వెలువడి అభాసుపాలయింది. ఆ ఏటి చివర నవోకి యోషిదా అనే ఆయనకు ఆ పని అప్పగించినారు. ఆయన ఆడేవారికి వరుసగా లేఖలు వ్రాసినాడు: ఏమి చేస్తున్నామో, ఏది చెయ్యలేమో, ఎందుకు చెయ్యలేమో. పాత ఆటను 2012లో మూసి, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి తెరచినారు. ఇల్లు పడగొట్టి కట్టేదాకా కాపురమున్నవారు ఓర్చుకున్నారంటే, మేస్త్రి ముఖం చాటు చేయకపోవడం అందుకు ఒక కారణం.

మరి ఆడేవారు చెప్పినదంతా చేయవలసినదేనా? కాదు. రోగి తన నొప్పి ఎక్కడో సరిగా చెప్పుతాడు. మందు పేరు కూడా తానే చెప్పితే వైద్యుడు తలూపరాదు. ‘ఈ మెట్టు కష్టంగా ఉంది’ అని పిల్లవాడు అన్నాడంటే ఆ మాట నిజం. మెట్టును తీసివేయడమా, ఎక్కే దారి చూపడమా అన్నది కట్టినవాడు ఆలోచించాలి. ఇంకొకటి: గట్టిగా అరిచేవారు కొందరే. విసుగు పుట్టి మాట్లాడకుండా లేచిపోయినవారు ఎక్కువ. వారిని వెదకి అడగాలి. అడగడం కన్న మేలైన పని, పిల్లవాని పక్కన కూర్చొని వాని చేయి ఎక్కడ ఆగుతున్నదో చూడడం.

దగ్గరితనం వేరు, గాలం వేరు. పిల్లవాని బలహీనత తెలుసుకొని వాని తండ్రి జేబుకు దారి వేసేవాడు స్నేహితుడు కాడు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది. అటువంటి పనికి మన పిల్లల తెలివి ఖర్చు కాకూడదని నా కోరిక.

ఆటను మూసేటప్పుడు కూడా మర్యాద ఉండాలి. 2024 మార్చి చివర యూబీసాఫ్ట్ సంస్థ ‘ద క్రూ’ అనే ఆటను నిలిపివేసింది. వెల ఇచ్చి కొన్నవారికి ఆడే వీలు లేకపోయింది. అమ్మిన ఆటను ఇట్లా ఆడరాకుండా చేయవద్దని ఐరోపాలో మొదలైన విన్నపానికి 2025 నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడినాయి. కట్టినవాడు తప్పుకొన్నా ఆట నడిచే ఏర్పాటు చేసి పోవడం ధర్మం.

అటువంటి ఏర్పాటు ఎట్లా ఉంటుందో చూడడానికి మనం ఐరోపా పోనక్కరలేదు. మన ఎట్టయాపురంలోనే సుబ్బరామ దీక్షితులవారు ఉండినారు. చిన్నస్వామి మొదలియారుగారి ప్రోద్బలంతో, జమీందారుగారి ఆదరణతో, 1904లో ఈ ఊరి విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చువేయించినారు. సుమారు 1700 పుటల గ్రంథం. గురువు ఎదుట లేకపోయినా పాడేవానికి, వాయించేవానికి అందేటట్టు ప్రతి గమకానికీ ఒక గుర్తు ఏర్పరచినారు. అంతటితో తన పని తీరిందని కూర్చోలేదు. కొత్తగా నేర్చేవారికోసం మరుసటి ఏడు ‘ప్రథమాభ్యాస పుస్తకము’ వెలువరించినారు. 1906లో ఆయన వెళ్ళిపోయినారు, గ్రంథం నిలిచింది. 1961 మొదలుకొని చెన్నపట్నపు సంగీత అకాడమీవారు దానిని తమిళ లిపిలో భాగాలుగా తెచ్చినారు. కట్టినవాడు గుర్తులు విడిచిపోయినాడు, వాడుకొనేవారు దానిని మోసుకొనిపోయినారు. సంబంధమంటే ఇదీ.

ఇక్కడ మనసు చివుక్కుమనే సంగతి ఒకటి ఉన్నది. మన ఊరిలో మన లిపిలో అచ్చయిన ఆ పుస్తకాన్ని మన పిల్లలలో చాలామంది నేడు చదవలేరు. మాట ఇంటిలో ఉన్నది, అక్షరం చేజారింది. ఆటలూ అదే దారిన ఉన్నాయి. వామనగుంటలు చూడండి. తమిళ సోదరులు పల్లాంగుళి అంటారు. ఇటు ఏడు, అటు ఏడు గుంటలు. చేతిలో చింతగింజలో, గవ్వలో. దానిని కట్టినవాడెవడో ఎవరికీ తెలియదు. నియమాలన్నీ ఆడే అవ్వల నోటనే ఉన్నవి. ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క తీరు. అందుకే కొత్త కోడలు ఆటకు కూర్చుంటే ‘మీ ఇంట ఎట్లా ఆడుతారమ్మా?’ అని ముందు అడగడం మర్యాద. ఆటలు కట్టేవారికి నేను చెప్పదలచిన పాఠమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నది.

కాబట్టి సంఘంవారికి నా మనవి ఇది. ఈ ఏడు ప్రతి ఇంటి అవ్వనూ అడిగి, ఆమె ఆడే ఆటల నియమాలు తెలుగు అక్షరాలలో వ్రాయించండి. వ్రాసే పని పిల్లలకు అప్పగించండి; అక్షరం కూడా వారికి అబ్బుతుంది. కంప్యూటరు పని నేర్చిన మన యువకులు ఆ వ్రాతలనుంచి ఒక ఆట కట్టి, వచ్చే ఉగాదికి తెచ్చి, ఆ అవ్వల చేతికే మొదట ఇవ్వాలి. అవ్వ ‘ఇది కాదురా నాయనా’ అంటే నొచ్చుకోకుండా దిద్దుకోవాలి.