మళ్లీ మొరాయించిన పంపు

మన కారు టైరులో గాలి ఒత్తిడి 2 బార్ల పైచిలుకు. బీఎండబ్ల్యూ 335ఐ ఇంజనులోకి పెట్రోలు చిమ్మాలంటే దాదాపు 200 కావాలి! ఆ పని చేసే హై ప్రెషర్ పంపే అమెరికాలో యజమానులను ఏడిపించింది. బటన్ నొక్కితే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, ఇంజను అందుకోదు. హైవే మీద ఉన్నట్టుండి పికప్ పడిపోతుంది. షోరూంలో పంపు మార్చినా కొందరికి కొన్నాళ్లకు మళ్లీ అదే గోల.

చివరకు 2010 అక్టోబరులో కంపెనీ ఈ కోవకు చెందిన సుమారు 1,30,000 కార్లను రీకాల్ చేసింది. పంపు వారంటీని 10 ఏళ్లకు పెంచింది. ఆ గడువూ ఎప్పుడో దాటిపోయింది.

చవగ్గా వచ్చిందని సెకండ్ హ్యాండులో కొనేవాళ్లు పాత బిల్లులు అడిగి చూడాలి. అన్నట్టు, ట్యాంకులో ఇంకో పంపుంటుంది. దోషం దానిదైతే, హై ప్రెషర్ పంపును ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగే.