ఆడకుండా వదిలేసిన ఫైనల్

1974లో మన టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. పుణేలో సోవియట్ యూనియన్‌ను ఓడించి మరీ చేరింది. విజయ్, ఆనంద్ అమృతరాజ్ సోదరులు మంచి ఊపు మీదున్నారు. ఒక్క అడుగు వేస్తే కప్పు మనదే. కానీ ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా. అప్పట్లో అక్కడ నల్లవాళ్లకు ఓటు లేదు. ఎక్కడ కాపురముండాలో, ఏ బెంచీ మీద కూర్చోవాలో ఒంటి రంగే తేల్చేది. ఆ జట్టుతో ఆడేది లేదంది భారత్. కప్పు వాళ్లకే పోయింది.

ఇది అప్పటికప్పుడు తీసుకున్న నిర్ణయం కాదు. 1946లోనే, మనకింకా స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకున్నాం. అదే ఏడాది విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిలో అక్కడి భారతీయుల గోడు వినిపించారు. ఆ భారతీయుల్లో మనవాళ్లూ ఉన్నారండీ. నాటాల్ చెరకుతోటలకు కూలికి వెళ్లిన తెలుగువాళ్లు. ఆ తర్వాత చాలా ఏళ్లు మన పాస్‌పోర్టులో ఒక మాట ఉండేది. దక్షిణాఫ్రికా ప్రయాణానికి ఇది చెల్లదని.

పరాయి దేశపు స్వేచ్ఛ మనకెందుకు అనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నా మట్టుకు నాకు అది మన బాధ్యతే. బాధ్యత అంటే సైన్యాన్ని పంపడం కాదు. మన లాభం మనం వదులుకోవడం. మళ్లీ చెబుతున్నాను, మన లాభం మనం వదులుకోవడం. వ్యాపారం వదులుకున్నాం. కప్పు వదులుకున్నాం.

దక్షిణాఫ్రికాలో ఆ వర్ణవివక్షపై పోరాడిన నెల్సన్ మండేలా 1990 ఫిబ్రవరిలో జైలు నుంచి బయటికొచ్చారు. అదే ఏడాది అక్టోబరులో మన దేశానికి వచ్చారు. ఆ ఏడాదే ఆయనకు భారతరత్న ఇచ్చుకున్నాం.