పటిక కోసం కరిగిన కొండ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మన కార్యదర్శిగారు ఫోన్ చేసి, "నీ వృత్తి గురించి పది నిమిషాలు మాట్లాడు, లెక్కలు మాత్రం వద్దు" అన్నారు. కొండవాలు నిలుస్తుందా, జారుతుందా అని చూసి చెప్పడం నా వృత్తి. లెక్కలు లేకుండా చెప్పాలంటే ఒక కొండ కథ చెప్పడమే దారి. అది ఇంగ్లండులో ఉంది. దాన్ని తవ్వింది మాత్రం మనందరి ఇళ్ళలో ఉండే వస్తువు కోసం. పటిక కోసం.

గడ్డం గీశాక మంగలి రాసేది, బురద నీళ్ళు తేటపడడానికి తిప్పేది, దిష్టి తగలకుండా గుమ్మానికి కట్టేది పటికే. పెడన, మచిలీపట్నం వైపు నుంచి వచ్చినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక అద్దకపోతే కలంకారీ ఎరుపు నిలవదు. ఇంగ్లండు ఉన్ని బట్టలకూ అదే అవసరం. వాళ్ళకు చాలాకాలం పటిక ఇటలీ నుంచి, పోపు ఏలుబడిలోని టోల్ఫా గనుల నుంచి వచ్చేది. పోపుతో తెగతెంపులయ్యాక సొంత పటిక కోసం వెతికారు. 17వ శతాబ్దం మొదట్లో యార్క్‌షైర్ సముద్రతీరంలో దొరికింది. 1611లో ఈస్టిండియా కంపెనీ ఓడ మన మచిలీపట్నం రేవుకు వచ్చేనాటికే అక్కడ తవ్వకాలు నడుస్తున్నాయి.

ఆ తీరంలో విట్‌బీ ఊరికి దాదాపు 8 కిలోమీటర్ల దూరంలో కెటిల్‌నెస్ అనే కొండ సముద్రంలోకి ముక్కులా పొడుచుకుని ఉంటుంది. ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం చూడడానికి వెళ్ళాను. పైన పచ్చటి పొలాలు. అంచు దాటితే బూడిదరంగు గుట్టలు, గోతులు. తవ్వకం ఆగి నూట యాభై ఏళ్ళు దాటినా చాలాచోట్ల గడ్డి కూడా మొలవలేదు. ఆ రాయి సుమారు 18 కోట్ల ఏళ్ళనాటి సముద్రపు బురద. గట్టిపడి పలకలు పలకలుగా తయారైంది. 1848లో ఇదే గనిలో ఏడు మీటర్ల సముద్ర సరీసృపం అస్థిపంజరం బయటపడింది. ఇప్పుడది డబ్లిన్ మ్యూజియంవాళ్ళ దగ్గర ఉంది.

రాయిలో పటిక సిద్ధంగా ఉండదు. పలుగులతో తవ్విన రాయిని కట్టెల మీద పెద్ద కుప్పలుగా పోసి, నెలల తరబడి సన్నగా కాల్చేవాళ్ళు. రాతిలోని గంధకం ఆమ్లమై, బంకమట్టిలోని అల్యూమినియంను పట్టుకునేది. తర్వాత కాలిన రాయిని గోతుల్లో నీళ్ళు పోసి నానబెట్టి, ఆ నీటిని కాలువల్లో దించి, సీసపు పళ్ళేల్లో మరిగించేవాళ్ళు. చివర్లో సముద్రపు నాచు బూడిద కలపాలి, లేదా మూత్రం. నవ్వకండి, నిజమే. లండన్ నుంచి కూడా పీపాల్లో, ఓడల మీద తెప్పించేవాళ్ళు. ద్రావణం తగినంత చిక్కబడిందా అని తెలుసుకోవడానికి కోడిగుడ్డు వేసి చూసేవాళ్ళట. తేలితే సరి. మన ల్యాబులో హైడ్రోమీటరు పగిలిన ఏడాది సైన్సు మాస్టారు ఉప్పునీళ్ళలో గుడ్డు తేల్చి సాంద్రత పాఠం చెప్పింది మా బ్యాచ్‌వాళ్ళకు గుర్తుండే ఉంటుంది.

ఇంతా చేస్తే, ఒక్క టన్ను పటికకు పదుల టన్నుల రాయి. మిగిలిన చెత్త సముద్రంలోకి.

1829 డిసెంబరు 17 రాత్రి ఆ కొండ జారింది. పనివాళ్ళ ఇళ్ళు, పటిక కార్ఖానా, అన్నీ సముద్రం వైపు కదిలాయి. పటిక కోసం వచ్చి తీరానికి దగ్గర్లో ఆగి ఉన్న ఓడ జనాన్ని ఎక్కించుకుంది. కాబట్టి మనుషులు దక్కారు, ఊరు దక్కలేదు. కార్ఖానా మళ్ళీ కట్టారు, 1871 దాకా నడిపారు. 1845లో పీటర్ స్పెన్స్ అనే రసాయనవేత్త బొగ్గుగనుల వ్యర్థపు రాతి నుంచి పటిక తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ చవక పటిక ముందు ఈ తీరం నిలవలేకపోయింది.

అలలు ఆ కొండను ఎలాగూ కొరుకుతూనే ఉన్నాయి, ఈ రోజుకీ కొరుకుతున్నాయి. కానీ నా లెక్కలో అలలు ఒక్కటే ముద్దాయి కాదు. వాలును నిలువుగా చెక్కి, దాని ఒంటి మీదే గోతులు తీసి నీళ్ళు నింపితే, పలకరాయి పొరల మధ్య పట్టు సడలుతుంది. తర్వాత ఆ తీరంలో రైలు వెయ్యబోయినవాళ్ళకూ ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. మొదట కొండ అంచునే దారి తీశారు. పని చేతులు మారాక దాన్ని లోపలికి జరిపి, కెటిల్‌నెస్, శాండ్సెండ్ దగ్గర సొరంగాలు తొలిచారు. 1883లో రైలు నడిచింది, 1958లో ఆగిపోయింది.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే సంగతి. ఆ వాలు మీద కాపురమున్నది పనివాళ్ళు. రాయి ఎక్కడ వదులైందో రోజూ పలుగుతో తాకేవాళ్ళకే ముందు తెలుస్తుంది. వాళ్ళను అడిగేదెవరు? పోయినేడాది నా బల్ల మీదికి ఒక గ్రావెల్ క్వారీ ప్లాను వచ్చింది. కొండ పాదం దగ్గర తవ్వకం, దాని కిందనే ఇరవై ముప్ఫై ఇళ్ళు. ప్లానులో ఆ ఇళ్ళు గీయలేదు. పొలానికి వెళ్ళే ఒక పెద్దాయన, "బాబూ, వాన పడితే పై నుంచి ఎర్రనీళ్ళు కాదు, రాళ్ళే వస్తున్నాయి" అన్నాడు. ఇళ్ళు గీసి, వాన లెక్క కలిపి తెమ్మని కాగితాలు తిప్పి పంపాను. నాలుగు నెలలైంది, తిరిగి రాలేదు. నా సంతకం లేకుండానే పని మొదలైందేమో అని వచ్చే వారం వెళ్ళి చూడబోతున్నాను.

కెటిల్‌నెస్ ఒడ్డున విడిగా పడి ఉన్న రాతిముక్క ఒకటి తెచ్చాను. మన సైన్సు ల్యాబుకు ఇస్తున్నాను. మాస్టారూ, దీన్ని గాజు సీసాలో పొడిగా ఉంచండి. పిల్లలు అడిగితే ఒక అంచు విరిచి, గిన్నెలో నీళ్ళు పోసి అందులో వేసి, మర్నాడు పొద్దున్న చూడమనండి.