చేసినోళ్ళెవరో వాక్యమే చెప్తుంది

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల పేటల్లో పదో తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కార్యకర్తల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మేము భూమి గురించి మాట్లాడటానికి రాలేదు. కూలి గురించి కూడా కాదు. ఇంగ్లీషు వాక్యం గురించి మాట్లాడటానికొచ్చాం. పేటలోకొచ్చి వ్యాకరణం చెప్తారా, ఇంకేం పని లేదా అని కొందరు నవ్వొచ్చు. నవ్వండి, కానీ వినండి. మన భూమి కాగితం మీద ఉంది. మన కూలి లెక్క కాగితం మీద ఉంది. మన పిల్లల సీటు కూడా కాగితం మీదే ఉంది. కాగితం నడిచేది వాక్యాల మీద. వాక్యం ఎవరి చేతిలో ఉంటే కాగితం వాళ్ళ మాట వింటుంది.

ముందు లెక్క చూద్దాం. పదో తరగతి అయిన పిల్లలు గురుకుల జూనియర్ కాలేజీలో చేరాలంటే ఏపీఆర్‌జేసీ ప్రవేశ పరీక్ష రాయాల. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు. అంటే ప్రశ్నకి ఒక్క నిమిషం. ఎంపీసీ కావాలనుకునే వాళ్ళకి ఇంగ్లీషు 50, లెక్కలు 50, భౌతికశాస్త్రం 50. బైపీసీకి లెక్కల స్థానంలో జీవశాస్త్రం వస్తుంది. ఎంఈసీకి ఇంగ్లీషు, లెక్కలు, సాంఘికశాస్త్రం. ఏ గ్రూపుకి పోయినా ఇంగ్లీషు గడప దాటాల్సిందే. మార్కుల్లో మూడోవంతు అక్కడే ఉంది.

మన పిల్లలు లెక్కల్లో కష్టపడతారు, సైన్సు బట్టీ పడతారు. ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒక గుండ్రం నింపొచ్చాం అన్నా" అంటారు. నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా నింపితే సగటున నాలుగింట ఒకటి తగుల్తుంది. 50కి పన్నెండో పదమూడో. సీటు మాత్రం ఒకటి రెండు మార్కుల తేడాతో పోతుంది. సీటు పోతే ఆడపిల్లని మిరప కోతకి పంపుతారు, మగపిల్లోడిని బెంగుళూరు బస్సెక్కిస్తారు. కాబట్టి ఈ 50 మార్కులు మనకి చిన్న సంగతి కాదు.

ఇంగ్లీషు మీడియం గురించి ఈ రాష్ట్రంలో పెద్ద గొడవే జరిగింది. 2019లో ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలొచ్చాయి. మీడియం ఏదైనా కానీయండి, పుస్తకం చేతికొచ్చినంత మాత్రాన వాక్యం చేతికి రాదు. వాక్యం ఎట్లా కట్టారో విప్పి చూపించే మనిషి కావాల. ఆ పని మనమే చేసుకోవచ్చు. ఎట్లాగో చెప్తాం.

ఒకటో సంగతి. తెలుగు వాక్యంలో పని చేసినోళ్ళు, పని, ఎవరి మీద చేశారో, అంతా మాట చివర తెలుస్తుంది. "పిల్లోడు కుక్కని చూశాడు" అన్నా, "కుక్కని పిల్లోడు చూశాడు" అన్నా అర్థం ఒకటే. ఎందుకు? "ని" అనే ముక్క కుక్కని అంటిపెట్టుకుని ఉంది కాబట్టి. కుక్క యాడికి పోయినా "ని" దాని వెంట పోతుంది. ఇంగ్లీషులో ఆ "ని" లేదు. అక్కడ మాట కూర్చున్న చోటే దాని పనిని చెప్తుంది. "ద బాయ్ సా ద డాగ్" అంటే పిల్లోడు కుక్కని చూశాడు. మాటలు అటూ ఇటూ మార్చి "ద డాగ్ సా ద బాయ్" అంటే కుక్కే పిల్లోడిని చూసింది. అందుకని ఇంగ్లీషులో వరస తప్పితే అర్థం తప్పుతుంది. ముందు చేసినోళ్ళు, తర్వాత చేసిన పని, ఆ తర్వాత మిగిలింది. కర్త, క్రియ, కర్మ. మనకి క్రియ చివర, వాళ్ళకి క్రియ నడిమధ్య.

రెండో సంగతి. తెలుగులో కర్త లేకుండా కూడా వాక్యం నడుస్తుంది. "వచ్చాడు" అంటే చాలు, ఒక మగమనిషి వచ్చాడని తెలుస్తుంది. క్రియ లేకుండా కూడా నడుస్తుంది. "ఆమె టీచరు" అంటే నిండు వాక్యం. ఇంగ్లీషు ఈ రెంటికీ ఒప్పుకోదు. "కేమ్" అంటే చాలదు, "హి కేమ్" అనాల. "షి టీచర్" అంటే తప్పు, "షి ఈజ్ ఎ టీచర్" అనాల. చేసేవాడు ఎవడూ లేకపోయినా ఒక దిష్టిబొమ్మనైనా ఆ చోట నిలబెట్టాల. వాన పడతా ఉంది అనడానికి "ఇట్ ఈజ్ రైనింగ్" అంటారు. ఆ "ఇట్" ఎవరు? ఎవరూ కాదు. చోటు ఖాళీగా ఉండకూడదు, అంతే.

మూడో సంగతి. పరీక్షలో ఎక్కువమంది పిల్లలు పడిపోయే గుంట ఇది. కర్తకీ క్రియకీ పొత్తు కుదరాల. మన తెలుగులోనూ కుదరాల్సిందే. "పిల్లలు వస్తాడు" అంటే మూడేళ్ళ పాప కూడా నవ్వుతుంది. కాబట్టి పొత్తు అంటే ఏందో మన పిల్లలకి కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఇంగ్లీషులో గుర్తు ఎక్కడుందో చూపిస్తే చాలు. "ద బాయ్ ఈట్స్", "ద బాయ్స్ ఈట్". "స్" అనేది ఇద్దరి మధ్య ఒకటే తువ్వాలు అనుకోండి. కర్త భుజాన ఉంటే క్రియ భుజాన ఉండదు. క్రియ భుజాన ఉంటే కర్త భుజాన ఉండదు. ఇది ఇప్పుడు జరిగే పని, రోజూ జరిగే పని చెప్పేటప్పుడు. "ఐ", "యు" పక్కన క్రియకి "స్" రాదు. "చిల్డ్రన్", "మెన్", "విమెన్" లాంటివి తువ్వాలు లేకుండానే చాలామందిని చెప్తాయి, అవి బహువచనాలే.

ఇక పరీక్ష పెట్టేవాడు చేసే మాయ చూడండి. కర్తకీ క్రియకీ మధ్య వేరే మాటల్ని కూర్చోబెడతాడు. "ద లిస్ట్ ఆఫ్ నేమ్స్ ... ఆన్ ద వాల్." మధ్యలో "ఈజ్" పెట్టాలా, "ఆర్" పెట్టాలా? ఖాళీకి పక్కనే "నేమ్స్" ఉంది కాబట్టి మనోడు "ఆర్" పెడతాడు. తప్పు. దాన్ని తెలుగులో చెప్పమనండి. "పేర్ల జాబితా గోడ మీద ఉంది." "ఉన్నాయి" అంటామా? అనం. గోడ మీద ఉంది జాబితా. తెలుగులో అసలు మాట చివరొచ్చి క్రియ దిక్కున నిలబడుతుంది. ఇంగ్లీషులో అసలు మాట ముందొస్తుంది, "ఆఫ్" పట్టుకుని తోక వెనకొస్తుంది. తోక క్రియకి అడ్డం పడుతుంది. తోకని చేత్తో మూసేసి చదవండి. "ద లిస్ట్ ఈజ్ ఆన్ ద వాల్." అయిపోయింది.

ఇట్లాంటిదే ఇంకోటి. "ద టీచర్, అలాంగ్ విత్ హర్ స్టూడెంట్స్, ఈజ్ కమింగ్." పిల్లలతో కలిసి టీచరు వస్తోంది. వెంట ఎంతమంది వచ్చినా కర్త టీచరమ్మే. "ఈచ్ ఆఫ్ ద గర్ల్స్ హాజ్ ఎ బుక్." ఒక్కొక్క పిల్ల అంటున్నాం కాబట్టి ఒక్కరి లెక్కే, "హాజ్".

నాలుగో సంగతి. ఒక వాక్యంలో రెండు క్రియలుంటే అసలుది ఏది? "ద విమెన్ హూ వర్క్ ఇన్ ద ఫీల్డ్ ఆర్ టైర్డ్." మనమైతే "చేలో పనిచేసే ఆడోళ్ళు అలిసిపోయారు" అంటాం. "పనిచేసే" అనేది ఎలాంటి ఆడోళ్ళో చెప్పే మాట. అసలు సంగతి అలిసిపోయారు అన్నది. ఇంగ్లీషులో "హూ", "విచ్", "దట్" వెనక వచ్చే క్రియ ఆ తోక సొత్తు. దాన్ని దాటాక వచ్చే క్రియే ఇంటి యజమాని.

ఐదో సంగతి. ఒక పనికి ఒక మాట చాలు. తెలుగులో "పేదవాడైనా కానీ చదివాడు" అంటాం. ఆ అలవాటుతో మన పిల్లలు "ఆల్దో హి వాజ్ పూర్, బట్ హి స్టడీడ్" అని రాస్తారు. ఇంగ్లీషులో "ఆల్దో" ఉంటే "బట్" ఉండకూడదు. "హి డిడ్ నాట్ వెంట్" కూడా అట్లాంటిదే. జరిగిపోయిన కాలాన్ని "డిడ్" మోస్తోంది, మళ్ళీ "వెంట్" మోయక్కర్లేదు. "హి డిడ్ నాట్ గో."

ఇప్పుడు ఆరో సంగతి. ఇది ఒక్క పరీక్ష కోసమే కాదు, కార్యకర్తలు బాగా వినాల. "ద విమెన్ సోడ్ ద సీడ్స్." ఆడోళ్ళు విత్తనాలు చల్లారు. దీన్ని తిరగేయమని పరీక్షలో అడుగుతారు. "ద సీడ్స్ వర్ సోన్ బై ద విమెన్." విత్తనాలు ఆడవాళ్ళ చేత చల్లబడినవి. ఇప్పుడు చివర "బై ద విమెన్" అనే ముక్క కొట్టేయండి. వాక్యం పడిపోయిందా? పడలేదు. నిండుగానే నిలబడింది. విత్తనాలున్నాయి, చల్లడం ఉంది, చల్లిన ఆడోళ్ళు లేరు.

సోమశిల ఆనకట్ట కట్టబడినది అంటారు. ఎవరు మోశారు ఆ మట్టి? వాక్యం అడగదు. ఉదయగిరి కోటని 1514లో కృష్ణదేవరాయలు జయించాడు అని చదువుకుంటాం. అక్కడ కర్త ఉన్నాడు, ఒక్కడే ఉన్నాడు. నెలల తరబడి కొండ చుట్టూ కాచినోళ్ళు, దారి కోసం రాళ్ళు పగలగొట్టినోళ్ళు ఆ వాక్యంలో లేరు. 1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో "దళితులు చంపబడ్డారు" అని రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ చంపినోళ్ళు ఆ వాక్యంలో నుంచి బయటికి నడిచి వెళ్ళిపోయారు. కాబట్టి స్టేషన్లో ఫిర్యాదు రాసినా, ఎమ్మార్వోకి అర్జీ రాసినా, "కొట్టబడ్డాను" అని రాయొద్దు. ఎవరు కొట్టారో ఆ పేరు ముందు రాయండి. అది వ్యాకరణమూ అవుతుంది, న్యాయమూ అవుతుంది.

అంబేద్కర్ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా ఉండి తయారుచేసిన రాజ్యాంగం పీఠిక చూడండి. 1949 నవంబర్ 26న ఆమోదించారు. ఇంగ్లీషులో అది మొత్తం ఒక్కటే వాక్యం. మొదటి మాట "వుయ్". మేము, భారత ప్రజలం. ఆ తర్వాత న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అన్నీ వరసగా వస్తాయి. అసలు క్రియలు చిట్టచివర వస్తాయి, ఆమోదించుకుంటున్నాం, ఇచ్చుకుంటున్నాం అని. కర్త ఆ చివర, క్రియ ఈ చివర. పరీక్షలో "ద లిస్ట్ ఆఫ్ నేమ్స్" విప్పిన పిల్ల ఈ వాక్యాన్ని కూడా విప్పగలదు. 17వ అధికరణం అంటరానితనం రద్దు చేయబడింది అంటుంది. ఎవరి చేత? ఆ వాక్యంలో లేదు. పీఠికలో ఉంది. మన చేత.

"మాకు సంతకం కూడా రాదే, పిల్లోడికి మేమేం చెప్పగలం" అని తల్లులు అడుగుతారు. అమ్మా, మీరు ఇంగ్లీషు చెప్పొద్దు. రెండే ప్రశ్నలు అడగండి. పిల్లోడు చదివిన ప్రతి వాక్యానికీ "ఎవరు? ఏం చేశారు?" అని అడగండి. వాడు తెలుగులో జవాబు చెప్పాల. చెప్పలేకపోతే వాడికి ఆ వాక్యం అర్థం కాలేదని మీకే తెలిసిపోతుంది. ఈ జిల్లా ఆడోళ్ళకి అక్షరం బలం ఏందో మేము చెప్పక్కర్లేదు. అక్షరాస్యత చదువులో సారా గురించి చదివిన పాఠం నుంచే 1992లో దూబగుంట కదిలింది. రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పాఠంలో ఉన్నవి చిన్న చిన్న వాక్యాలే. కానీ వాటిలో కర్త ఆడోళ్ళే.

కార్యకర్తలకి మా మాట ఇది. పేటకి ఒక చోటు చూడండి, దీపం ఉంటే చాలు. సాయంత్రం ఒక గంట. పదో తరగతి ఇంగ్లీషు పుస్తకమే తీసుకోండి, ప్రవేశ పరీక్షకి చదువు అదే. రోజుకి పది వాక్యాలు. కర్త కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు. తోకకి పెన్సిలుతో సున్నా చుట్టాల. నెల తర్వాత గడియారం ముందు పెట్టి 50 ప్రశ్నలు 50 నిమిషాల్లో చేయించండి. తప్పు చేసిన పిల్లని నలుగురిలో నవ్వులపాలు చేయొద్దు, బళ్ళో ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆడపిల్లకి ఆ గంటలో నీళ్ళ బిందె, అంట్లు చెప్పొద్దు. అన్నదమ్ములున్నారు గదా, ఆ గంట వాళ్ళు మోస్తారు.

ఇంగ్లీషు మన అమ్మ భాష కాదు. అయినా అది ఎవడి తాత సొత్తూ కాదు. దానికి తాళం ఉంది, తాళంచెవి రెండు మాటలు. ఎవరు? ఏం చేశారు? రేపు సాయంత్రం నుంచి మొదలుపెట్టండి. పుస్తకాలు లేని పేట ఉంటే మాకు కబురు చేయండి, పాత పుస్తకాలు పోగుచేసి పంపుతాం.

జై భీమ్.